చచ్చింది ఇంజన్, ట్రాక్టరు కాదు

రాయలసీమ రైతుకు షోరూము మొదలుకొని సచివాలయం దాకా అందరూ ఒకే పాట పాడుతున్నారు. ఇంజన్ పోయిందా, బండి మార్చెయ్. ఎక్స్‌చేంజ్ ఉంది, సబ్సిడీ ఉంది, ఫైనాన్స్ ఉంది, నీ సంతకం ఒక్కటే తక్కువ. ఈ సలహా తప్పు. తప్పు మాత్రమే అయితే ఊరుకోవచ్చు. అప్పు మీద అప్పు మోస్తున్నవాడి నెత్తిన ఇంకో అప్పు ఎత్తే సలహా ఇది. పాత తోట ట్రాక్టరులో ఇంజన్ చస్తే ఇంజన్ మార్చాలి, అంతే. ట్రాక్టరుకు తద్దినం పెట్టనక్కర్లేదు. ఇంత చిన్న మాటకు ఇంత రాయాల్సి వస్తోందంటే, ఆ చిన్న పని రైతు చేసుకోకుండా కంపెనీ, బ్యాంకు, సర్కారు, చట్టం నాలుగు దిక్కులా అడ్డం నిలబడ్డాయి కాబట్టే.

ముందు బండి సంగతి. కడప, కర్నూలు వైపు తోటలున్న రైతుకు 45 హెచ్‌పి ట్రాక్టరు ఎదురుగా ఉన్నా తోటలోకి పనికిరాదు. పులివెందుల దిక్కు చీనీ కొమ్మలు కాపు మీద నేలకు వంగుతాయి. పెద్ద బండి దూరిస్తే కాయ రాలుతుంది, కొమ్మ విరుగుతుంది. అరటిలో సాలుకూ సాలుకూ మధ్య ఆరడుగులు. రైల్వే కోడూరు బొప్పాయి తోటల్లోనూ అంతే ఇరుకు. అక్కడ తిరగగలిగేది చిన్న బండే. బెంగళూరులో 1967లో జపాన్ మిత్సుబిషి సాయంతో మొదలైన వీఎస్‌టీ కంపెనీ ‘మిత్సుబిషి శక్తి’ ఎంటీ 180డీ అమ్మింది: మూడు సిలిండర్లు, 18.5 హెచ్‌పి. మహీంద్రా ‘యువరాజ్ 215’ తెచ్చింది: ఒకటే సిలిండరు, 15 హెచ్‌పి. వీటి పక్కన 13 హెచ్‌పి పవర్ టిల్లర్లు. గుంటక తోలాలన్నా, దంతె పాయాలన్నా, రోటవేటరు కొట్టాలన్నా, మందు పిచికారీ చేయాలన్నా, గెలలు రోడ్డు మీదికి మోయాలన్నా ఇవే. కాడెద్దులు అమ్ముకున్నాక సన్నకారు తోట రైతు సేద్యమంతా ఈ చిన్న బండ్ల మీదే నడుస్తోంది.

ఈ బండ్లలో ముందు చచ్చేది ఎప్పుడూ ఇంజనే. కారణం చాలా సాదా. ట్రాక్టరులో గాలి పీల్చే భాగం అదొక్కటే. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, లిఫ్టు మూత బిగించిన ఇనప డబ్బాలో నూనెలో మునిగి ఉంటాయి. ఇంజన్ మాత్రం పొలంలో లేచే గాలినంతా మింగాలి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడితే మంచి ఏడాది అనుకునే నేల మనది. మే నెలలో ఎండిన ఎర్రనేలలో గుంటక తోలితే డ్రైవరు కనపడనంత దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో ఉన్నది సన్నటి ఇసుక. ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిలు మార్చకుండా నాలుగు రోజులు తోలితే ఆ ఇసుక లైనరుకూ పిస్టన్ రింగులకూ మధ్య చేరి రెండింటినీ అరగదీస్తుంది. కంప్రెషన్ పోతుంది. పొద్దున పూట బండి లేవదు. లేచినా నీలం పొగ. డీజిలుతో పాటు ఆయిలూ తాగడం మొదలుపెడుతుంది.

రెండో శత్రువు నీళ్లు. వందల అడుగుల లోతు బోర్లలోంచి వచ్చే ఉప్పునీళ్లే రేడియేటరులో పోస్తాం, వేరే నీళ్లు లేవు కాబట్టి. సున్నం గట్టిపడి గొట్టాలు పూడుకుపోతాయి. పైన 43 డిగ్రీల ఎండ. బండి ఉడికిపోతుంది, హెడ్డు వంకరపోతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. ఒకసారి బోరింగ్ చేయిస్తారు, ఇంకోసారి స్లీవు వేయిస్తారు. ఆ తర్వాత బ్లాకే చీలుతుంది. ఇంక చేసేదేమీ లేదు, ఇంజన్ చచ్చిందని ఒప్పుకోవాల్సిందే. అప్పుడు గేర్‌బాక్సు మూత తీసి చూడండి. పళ్లు నిగనిగలాడుతుంటాయి. వెనక యాక్సిలు బాగుంది, లిఫ్టు లేస్తోంది, బ్రేకు పడుతోంది. ఇంత సొమ్మును తూకానికి వేసి అమ్ముకోమనడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమనడమే.

అయినా షోరూములో వినపడేది అదే. “అన్నా, దీనికి పార్టులు రావు. కంపెనీ ఈ మోడలు ఆపేసింది. ఎక్స్‌చేంజీలో ఇచ్చెయ్, మంచి రేటు కట్టిస్తా.” ఏ ఊళ్లో ఏ షోరూము మెట్లెక్కినా ఈ మూడు మాటలే. మొదటి మాట సగం నిజం. రెండోది కంపెనీ తన చేత్తో తాను చేసిన పని. మూడోది ఉచ్చు. పాత బండికి ఇనప తుక్కు ధర కట్టి, దాన్నే కొత్త బండి ధరలో తగ్గింపుగా చూపించి, మిగతాది ఫైనాన్సులో పెడతారు. చిన్న ట్రాక్టరుకే లక్షలు పోయాలి. ఆరు నెలలకొక కంతు. వాన రాకపోయినా కంతు వస్తుంది. చీనీ ధర పడిపోయి కాయ చెట్టు మీదే వదిలేసిన ఏడాది కూడా వస్తుంది. రెండు కంతులు తప్పితే బండి లాక్కుపోవడానికి మనుషులు వస్తారు. అప్పటికి కొత్తదీ ఉండదు, అప్పుల్లేని పాతదీ ఉండదు.

పాత బండి గొప్పతనం దాని ఇనుములో లేదు. దాని మీద అప్పు లేకపోవడంలో ఉంది. అది ఎప్పుడో తీరింది. దానికి ఇంకో ఇంజన్ వేయడానికి అయ్యేది కొత్త బండి ధరలో చిన్న ముక్క. ఆ ముక్కను రైతు ఒక కాపు డబ్బుతో తీర్చి మళ్లీ నిటారుగా నిలబడగలడు. కొత్త బండి అప్పు తీర్చాలంటే నాలుగైదేళ్లు వరసగా మంచి కాపులు రావాలి. సీమలో నాలుగైదేళ్లు వరసగా బాగుపడిన రైతును చూపించండి, నేను కలం కింద పెడతాను.

ఇంకొకటుంది. ముంగారు వాన పడ్డాక పదును నిలిచేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో భూమి దున్నకపోతే బుడ్డలు విత్తే అదును పోతుంది, తోటల్లో గడ్డి చేయి దాటిపోతుంది. లోను ఫైలు బ్యాంకులో, సబ్సిడీ ఫైలు ఆఫీసులో నడుస్తున్న వారాల్లో పదును ఆవిరైపోతుంది. ఊళ్లోని మేస్త్రి ఈలోపు ఇంజన్ దించి, ఇంకోటి ఎక్కించి, బండిని చేనుకు పంపేయగలడు.

ఇక సర్కారు. ఇక్కడ ఏ పార్టీకీ మినహాయింపు లేదు. 2017లో ‘రైతు రథం’ అన్నారు: కొత్త ట్రాక్టరుకు సబ్సిడీ. 2022 జూన్ 7న గుంటూరులో ‘వైఎస్సార్ యంత్ర సేవ’ అన్నారు: 3,800 ట్రాక్టర్లు వరసగా నిలబెట్టి జెండా ఊపారు. అదీ కొత్త యంత్రాలకే. సర్కారు 40 శాతం, బ్యాంకు అప్పు 50 శాతం, రైతు సంఘం వాటా 10 శాతం. ఢిల్లీ 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకమూ ఇదే దారి: కొత్త యంత్రం ధరలో 40 నుంచి 50 శాతం. ముఖ్యమంత్రులు మారారు, రంగులు మారాయి, పేర్లు మారాయి. మారనిది ఒకటే, డబ్బు షోరూము గుండానే పోవాలన్న నియమం. ఉన్న బండికి ఇంజన్ వేసుకుంటానన్న రైతుకు ఆ లెక్కల్లో ఏ గడీ లేదు. మండల వ్యవసాయాధికారి దగ్గరకు పోయి అడగండి. ఆయన మంచివాడే అయినా నవ్వి ఊరుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

పన్ను కూడా చాలా ఏళ్లు అదే పాఠం చెప్పింది. జీఎస్టీ వచ్చిన 2017 నుంచి ట్రాక్టరు మీద 12 శాతం, ట్రాక్టరు విడిభాగాల మీద 18 శాతం. అంటే బండినంతా కొంటే తక్కువ పన్ను, బాగు చేసుకుంటే ఎక్కువ పన్ను! 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ 5 శాతానికి దించారు. మంచిదే. ఎనిమిదేళ్ల పాటు రిపేరు చేసుకున్న రైతు దగ్గర కొత్త బండి కొన్నవాడికన్నా ఎక్కువ శాతం పిండుకున్నందుకు మాత్రం ఎవరూ మాట కూడా ఎత్తలేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలకూ కంపెనీ ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో 182ఏ సెక్షను చేర్చారు. అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ నిర్ణయించిన మౌలిక స్వరూపాన్ని మార్చడానికి వీల్లేదని గట్టిగా చెప్పింది. రోడ్డు మీద పరుగెత్తే కార్లకు, బస్సులకు ఈ కట్టడి కావాలి, కాదనను. గంటకు ఇరవై కిలోమీటర్లు పోయే, ఏడాదిలో ఎక్కువ రోజులు చెట్ల మధ్యే తిరిగే 18 హెచ్‌పి బండికీ అదే తాళం వేస్తే మిగిలేది ఏమిటి? రైతు దొంగచాటుగా ఇంజన్ మారుస్తాడు. పుస్తకంలో ఒక నంబరు, బండిలో ఒక నంబరు. ట్రాలీ తిరగబడి ఎవరికైనా దెబ్బ తగిలిన రోజు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. నిజాయితీగా బతకాలనుకున్నవాణ్ణి నేరస్థుణ్ణి చేసే చట్టం ఎవరికి మేలు చేస్తోంది?

ఇదే చట్టం బలిసినవాడికి ఎలా వంగుతుందో చూడండి. 2021 ఫిబ్రవరి 12న ఢిల్లీలో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఒక డీజిలు ట్రాక్టరును సీఎన్‌జీకి మార్చి దేశంలోనే మొదటిదని ఆవిష్కరించారు. కెమెరాలు వచ్చాయి, చప్పట్లు మోగాయి. సీఎన్‌జీకో బ్యాటరీకో మార్చుకోవడానికి 52వ సెక్షనులోనే వెసులుబాటు ఉంది. మంచిదే, మార్చుకోనివ్వండి. అయితే పాత ట్రాక్టరు ఇంజన్‌ను మంత్రి తిరగేస్తే సాంకేతిక విప్లవం, మైదుకూరులో మేస్త్రి తిరగేస్తే ట్యాంపరింగా? ఢిల్లీలో ఉన్న గ్యాసు బంకు మా పల్లెల్లో ఎక్కడుంది? మాకు కావాల్సింది డీజిలు పోయి డీజిలు, పాతది పోయి కొత్తది. ఆ దారి మాత్రం అంత తేలిగ్గా తెరవలేదు.

ఇక్కడ ఒక అబద్ధాన్ని కూడా తొక్కేయాలి. ట్రాక్టరు ఆయుష్షు పదేళ్లే, ఆ తర్వాత తుక్కే అని ఫోన్లలో తెగ తిరిగింది. ఎక్స్‌చేంజ్ మేళాల్లో ఇదే బెదిరింపు. 2023లో కేంద్ర రవాణా శాఖే ఇది పచ్చి అబద్ధమని ప్రకటించింది. వ్యవసాయ ట్రాక్టరుకు మొదట పదిహేనేళ్ల రిజిస్ట్రేషను, ఆ తర్వాత అయిదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఎవరైనా పదేళ్ల మాట ఎత్తితే ఈ మాట మొహాన చెప్పండి.

నా మీద మూడు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

పొగ అంటారు. పాత బండ్లు గాలిని పాడు చేస్తాయట. 2023 జనవరి 1 నుంచి ట్రాక్టర్లకు ట్రెమ్-4 పొగ ప్రమాణం తెచ్చినప్పుడు 50 హెచ్‌పి దాటినవాటికే పెట్టారు, తోట బండ్లను వదిలేశారు. అంటే చిన్న ట్రాక్టరు పొగ అంత ప్రమాదం కాదని మీరే ఒప్పుకున్నారు. పైగా నేనడిగేది రింగులు అరిగి నీలం పొగ చిమ్మే ఇంజన్‌ను దించేసి, బిల్లుతో కొన్న మంచి ఇంజన్ పెట్టమని. పొగ తగ్గించే దారి ఇదే.

దొంగ ఇంజన్లు అంటారు. నిజమే, తుక్కు బజారులో నంబరు గీకేసిన ఇంజన్లు దొరుకుతాయి. దానికి మందు బిల్లు, ఇంజన్ నంబరు పెన్సిలు అచ్చు, ఆర్‌సీలో ఎక్కించుకోవడం. చట్టబద్ధమైన దారి ఇరుకు చేసి దొంగదారిలో పోతున్నారని ఏడవడం ఏం న్యాయం?

మూడోది భద్రత. ఇది అసలైన అభ్యంతరం. దీన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. ఎందుకంటే మన వాళ్లలో అడ్డగోలు మేస్త్రులు ఉన్నారు, ‘ఏదో ఒకటి తగిలించు, తిరిగితే చాలు’ అనే రైతులూ ఉన్నారు. వాళ్ల మీద కూడా నాకు ఇంతే కోపం ఉంది.

లారీకి చాసి ఉంటుంది, ఇంజన్ దాని మీద కూర్చుంటుంది. ఎక్కువ ట్రాక్టర్లకు చాసి లేదు. ముందు యాక్సిలు బ్రాకెట్టు ఇంజన్‌కు బోల్టు, ఇంజన్ క్లచ్చి హౌసింగుకు బోల్టు, అది గేర్‌బాక్సుకు బోల్టు. బండి బరువంతా మోసే నడుము ఇంజనే. మన దగ్గర ఒకప్పుడు బావుల మీద ఆయిలింజన్లు నడిచేవి. బావులు ఎండి బోర్లు వచ్చాక అవి మూలపడ్డాయి. ‘ఇంట్లో ఇంజన్ ఉంది కదా’ అని పంపుసెట్టు ఇంజన్ తెచ్చి రెండు చానెల్ కమ్మీలు వెల్డింగు చేసి బిగిస్తే ఏమవుతుంది? గెనెం ఎక్కినప్పుడు నడుము దగ్గర వెల్డింగు ఊడుతుంది. ముందు యాక్సిలు ఊగినప్పుడల్లా ఆయిలు సంపుకు తగిలి సంపు పగులుతుంది. అదీ తప్పించుకున్నా తిరుగుడు వేగంలో దొరికిపోతారు. రోటవేటరును తిప్పే వెనక షాఫ్టు, అంటే పీటీఓ, ప్రామాణికంగా నిమిషానికి 540 తిరగాలి. ఇంజన్ 2,400 తిరిగినప్పుడు 540 వచ్చే బండికి 1,500 తిరిగే పంపు ఇంజన్ పెడితే వచ్చేది 337. రోటవేటరు మట్టిని కోయదు, పిసుకుతుంది. పంపు ఇంజన్ గవర్నరు ఒకే వేగానికి కట్టి ఉంటుంది కాబట్టి యాక్సిలరేటరు తొక్కినా ఉపయోగం లేదు.

ఇదే పనిని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవాళ్లూ మన ఊళ్లలోనే ఉన్నారు. నంద్యాలలో, ప్రొద్దుటూరులో లేత్ షాపుల ముందు కూర్చుని చూస్తే తెలుస్తుంది. క్లచ్చి హౌసింగు మూతి మీద అట్ట పరిచి, గుండు సుత్తితో అంచుల మీద మెల్లగా కొడుతూ పోతారు. ప్రతి బోల్టు రంధ్రం అట్ట మీద అచ్చు పడుతుంది. కొత్త ఇంజన్ వెనక మొహానికీ అలాగే ఇంకో అట్ట. రెండు అట్టల మధ్య సెంటరు కలిపి గీసి, ఆ కొలతకు మందపాటి ఇనప ప్లేటు కోయించి, లేత్‌లో నడిమి బోరు తీయిస్తారు. బోల్టులు పట్టుకుంటాయిగానీ సెంటరు నిలబెట్టవని తెలుసు కాబట్టి రెండు డోవెల్ పిన్నులు దింపుతారు. తర్వాత ఫ్లైవీలు మీద డయలు గేజీ పెట్టి చేత్తో తిప్పి చూస్తారు. సూది వణికితే ప్లేటు మళ్లీ లేత్ ఎక్కుతుంది. రైతు ఆత్రపడితే మేస్త్రి తల ఎత్తకుండానే అంటాడు: “తొందర పడితే క్లచ్చి తినేస్తాది సామీ. రెండు రోజులు లేటైనా సరే, సెంటరు రావల్ల.” షాఫ్టు సెంటరు తప్పితే క్లచ్చి ప్లేటు పళ్లు, పైలట్ బేరింగు, చివరికి మంచి గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు వరసగా పోతాయి. మేస్త్రికి తెలిసిన ఈ సంగతి మాన్యువలులో అచ్చు వేసి ఇవ్వడానికి కంపెనీకి ఏం రోగం?

పవర్ టిల్లరుకైతే ఈ తంటా కూడా లేదు. ఇంజన్ ముందు బెడ్డు మీద కూర్చుంటుంది, శక్తి వీ-బెల్టుల మీద క్లచ్చికి పోతుంది. హెచ్‌పి, తిరుగుడు వేగం, తిరిగే దిక్కు మూడూ సరిపోయే ఇంజన్ తెచ్చి, పుల్లీలు వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూసి బిగిస్తే అయిపోయింది. బిగించేముందు కొత్త రేడియేటరు, కొత్త ఎయిర్ క్లీనరు వేయించుకోని రైతు మాత్రం మళ్లీ అదే గోతిలో పడతాడు. పాత ఇంజన్‌ను చంపినవి ఆ రెండే.

అంటే భద్రత అసలు గొడవ కాదు. కొలతలు దాచిపెట్టడమే గొడవ. అమెరికాలో గార్డెన్ ట్రాక్టర్లు ఉన్నాయి. ఇండియానా రాష్ట్రంలో 1946లో మొదలై 1986లో టోరో కంపెనీ చేతికి పోయిన వీల్ హార్స్ లాంటివి. పుట్టి యాభై ఏళ్లు దాటిన ఆ బండ్లలో పాత ఇంజన్ దించి కొత్తది ఎక్కించడం అక్కడ సెలవురోజు పని. వాళ్ల చేతులు మన మేస్త్రుల చేతులకన్నా గొప్పవై కాదు. బండికి ఫ్రేమ్ ఉంది, చిన్న ఇంజన్ల షాఫ్టు సైజులు, బిగింపు రంధ్రాలు కంపెనీలకు చాలావరకు ఒకే కొలత. పెద్ద డీజిలు ఇంజన్లకు కూడా ఫ్లైవీలు హౌసింగుల సైజులు ఎస్‌ఏఈ సంస్థ ఎప్పుడో నంబర్లతో నిర్ణయించింది. మన దేశంలో పీటీఓ వేగానికి ప్రమాణం పెట్టగలిగినవాళ్లకు, ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే మూతికి ప్రమాణం పెట్టడం చేతకాదా? చేతనవుతుంది. పెడితే ఒక కంపెనీ బండికి ఇంకో కంపెనీ ఇంజన్ ఎక్కుతుంది. వాళ్ల భయమంతా అదే.

కంపెనీయే మూతపడితే? హెచ్ఎంటీ ట్రాక్టరు గుర్తుందా? 25 హెచ్‌పి 2511 సీమలో ఎంతమంది చేలు దున్నిందో పాతవాళ్లను అడగండి. 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం పింజోరులోని ఆ ట్రాక్టరు విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. సొంత కంపెనీని మూసేటప్పుడు, అది అమ్మిన బండ్లకు ఏ ఇంజన్ ఎలా ఎక్కించుకోవాలో డ్రాయింగులు బయటపెట్టాలన్న ఆలోచన ఆ మంత్రివర్గానికి రాలేదు. సర్కారు కంపెనీ గతే ఇదైతే ప్రైవేటు కంపెనీ రేపు మోడలు ఆపేస్తే రైతు ఎవరి గడప తొక్కాలి?

2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది. గుర్తించిన నాలుగు రంగాల్లో మొదటి పేరే వ్యవసాయ యంత్రాలు. ఆ డిసెంబరులో పోర్టలూ తెరిచారు. తర్వాత ఆ ఊపంతా ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల వైపు మళ్లింది. పట్నంలో ఫోను తెర పగిలితే ఢిల్లీకి వినపడింది, పల్లెలో బ్లాకు పగిలితే వినపడలేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లోనే రైతు యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. కంపెనీ మాన్యువళ్లు, పార్టులు, పనిముట్లు రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇచ్చి తీరాలి. కోట్ల రూపాయల యంత్రాలు నడిపే రైతు అక్కడ కొట్లాడి సాధించుకున్నాడు. మూడెకరాల చీనీ రైతు తరఫున ఇక్కడ ఒక్క ఎమ్మెల్యే అసెంబ్లీలో నోరు తెరవలేడా?

మార్గం చూపకుండా తిట్టే అలవాటు నాకు లేదు. కర్నూలు నుంచి బెంగళూరు హైవే మీద పోతే అనంతపురం ఇంకా రాకముందే గార్లదిన్నె తగులుతుంది. అక్కడ 1983 నుంచి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వానిది. సీమ గడ్డ మీదే ఉంది. కొత్త యంత్రాలు అమ్మకానికి వచ్చేముందు పరీక్షించి రిపోర్టు రాసే సంస్థ. ఇంజన్ శక్తి కొలిచే యంత్రాలు దగ్గర పెట్టుకున్నవాళ్లకు ఏ పాత తోట ట్రాక్టరుకు ఏ ఇంజన్ సరిపోతుంది, ఏ ప్లేటు కావాలి, రేడియేటరు ఎంతది ఉండాలి అని తేల్చి తెలుగులో ఒక పుస్తకం వేయడం పెద్ద పనా? నంద్యాల, ప్రొద్దుటూరు మేస్త్రులను పిలిచి కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వడం పెద్ద పనా? నిజం చెప్పాలంటే ఆ శిక్షణలో సగం రోజులు మేస్త్రులే పాఠం చెప్పాలి.

డిమాండ్లు నాలుగు. ఒకటి, కొత్త ట్రాక్టరుకు ఇచ్చే సబ్సిడీ శాతమే పాత ట్రాక్టరుకు బిల్లుతో కొన్న ఇంజన్‌కూ ఇవ్వాలి. దాంతో ఖజానాకు ఆదాయే, ఎందుకంటే ఇంజన్ ధర బండి ధరలో ముక్కే. రెండు, 50 హెచ్‌పి లోపు ట్రాక్టరుకు గార్లదిన్నె జాబితాలో ఉన్న ఇంజన్ వేస్తే రవాణా ఆఫీసు ఒక్క రోజులో ఆర్‌సీలో ఎక్కించాలి. ఏజెంటు లేకుండా, మామూళ్లు లేకుండా. మూడు, ఏ కంపెనీ మోడలు ఆపేసినా దాని ఇంజన్ బిగింపు కొలతలు బయటపెట్టాలి. లేకపోతే ఆ కంపెనీ బండ్లను సబ్సిడీ జాబితాలోంచి తీసేయాలి. నాలుగు, చిన్న ట్రాక్టర్ల ఫ్లైవీలు హౌసింగుకు దేశమంతా ఒకే ప్రమాణం రావాలి.

వీటిలో ఏ ఒక్కటీ కొత్త కర్మాగారం కట్టమని కాదు, వేల కోట్లు పొయ్యమని కాదు. అడిగేది నాలుగు సంతకాలు. సబ్సిడీ ట్రాక్టరు తాళం రైతు చేతిలో పెట్టి ఫొటో దిగే నాయకులు ఆ సంతకాలు పెట్టరని నాకు తెలుసు. మేస్త్రి షాపులో నల్లటి ఇంజన్ పక్కన నిలబడితే ఫొటో బాగా రాదు మరి.

అందుకే చివరి మాట వాళ్లకు కాదు, రైతుకు. గేర్‌బాక్సు మంచిదో కాదో ముందు చూపించుకో. మంచిదైతే ఎక్స్‌చేంజ్ మేళాకు పోవద్దు, తుక్కు ధరకు తల ఊపొద్దు, ఫైనాన్స్ కాగితం మీద వేలు పెట్టొద్దు. చేయి తిరిగిన మేస్త్రిని వెతుక్కో, బిల్లు ఉన్న ఇంజన్ కొను, ప్లేటు సెంటరు చూడకుండా బిగించనివ్వకు. ఆ తర్వాత బిల్లు పట్టుకుని రవాణా ఆఫీసుకు పో, ఆర్‌సీలో ఎక్కించమని రాతపూర్వకంగా అడుగు. కుదరదంటే ఆ మాటా కాగితం మీద రాసిమ్మను. ఒక్కడు అడిగితే విసుక్కుంటారు. జిల్లాకు వెయ్యి మంది అదే కాగితం పట్టుకుని క్యూ కడితే చట్టం ఎలా వంగుతుందో ఈసారి మనం చూద్దాం.